నీళ్లు రాని గొట్టం, ఆగిపోయిన కథనం

పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాత్రికేయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 38. ఒక దినపత్రికలో 11 ఏళ్లు పనిచేశారు. అక్కడ రాసినవాటికన్నా రాయలేక వదిలేసినవే ఎక్కువయ్యాయన్న బాధతో బయటికి వచ్చి, మూడేళ్ల క్రితం మరో ఇద్దరితో కలిసి చిన్న వార్తా వెబ్‌సైట్ మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో ఏడుగురు జీతానికి పనిచేస్తున్నారు. రాబడిలో సగానికి పైగా ఒకే ఒక్క నిర్మాణ సంస్థ ఇచ్చే ప్రకటనల నుంచి వస్తోంది.

ఆరు వారాల క్రితం ఆ సంస్థ కట్టిన ఒక ఎత్తయిన నివాస భవనం నుంచి ఆమెకు ఫోను వచ్చింది. వెళ్లి చూశారు. తొమ్మిదో అంతస్తులో మెట్ల పక్కన, గాజు తలుపున్న ఎర్ర పెట్టెలో మంటలార్పే గొట్టం చుట్టి ఉంది. కాపలాదారు వాల్వు తిప్పాడు. నీళ్లు రాలేదు. గొట్టం మూతి కింద ఆమె పట్టిన అరచేతిలో చిటికెడు తుప్పు రాలింది. మరో నాలుగు అంతస్తుల్లోనూ అంతే. అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పే ధ్రువపత్రం నకలు, నివాసులు సంస్థకు పంపిన ఫిర్యాదులు, తాను తీసిన వీడియోలు ఆమె దగ్గర ఉన్నాయి. కథనం రాశారు. వివరణ కోరుతూ సంస్థకు ప్రశ్నలు పంపారు.

రాతపూర్వకంగా జవాబు రాలేదు. ప్రకటనల వ్యవహారం చూసే పెద్ద భాగస్వామికి మాత్రం ఫోను వచ్చింది. ఆయన్ని ఆమె అన్నయ్య అని పిలుస్తారు. అవతలివాళ్లు బెదిరించలేదు. "మనమంతా ఒకటే కదా, వచ్చే ఏడాది ఒప్పందం గురించి ఒకసారి కూర్చుందాం" అన్నారంతే. "ఒప్పందం అయిపోనివ్వు, రెండు నెలలు ఆగి వేద్దాం. ఏడుగురి జీతాలమ్మా" అని అన్నయ్య. "ఈ వారం వేయకపోతే నేను వెళ్లిపోతాను" అని మూడో భాగస్వామి అయిన కుర్రవాడు. వీటికి తోడు ఒక పాత బరువు: నిరుడు ఇలాంటి ఫోనే వస్తే, అదే సంస్థ మీద వచ్చిన ఒక వార్త శీర్షికలో 'నిర్లక్ష్యం' అన్న మాట తీసి 'ఆరోపణలు' అని అర్ధరాత్రి మార్చారట. ఎవరూ గమనించలేదట. "ఆ రాత్రి నుంచి నా మీద నాకే నమ్మకం పోయింది. కథనం వేస్తే సైటు మూతపడుతుంది. వేయకపోతే సైటు ఉండి ఏం లాభం? ఏం చేయమంటారు?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మీరున్నారు, అన్నయ్య ఉన్నారు, ఆ కుర్రవాడు ఉన్నాడు, జీతాలున్నాయి, నిరుటి శీర్షిక ఉంది. తొమ్మిదో అంతస్తువాళ్లు మాత్రం రెండో పేజీ తర్వాత మళ్లీ కనిపించలేదు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ ఒక్క ఫోను పని చేసిన తీరు ఇది. అంతవరకూ మీ ఆలోచన ఆ మెట్ల దగ్గర ఉంది. ఫోను వచ్చాక మీ గదిలోకి వచ్చేసింది. ముందు దాన్ని తిరిగి ఆ మెట్ల దగ్గరికి తీసుకువెళ్దాం.

అన్ని కథనాలూ ఒకటి కావు. పాత లెక్కల్లో జరిగిన అవకతవక గురించి అయితే రెండు నెలలు ఆగినందువల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు. ఇక్కడ మంటలొస్తే ఆర్పడానికి నీళ్లు లేవు, ఆ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ఆ రెండు నెలల్లో ఏమీ జరగకపోవచ్చు, జరగకూడదనే కోరుకుందాం. అయినా ఆ రెండు నెలల భారం మోసేది మీ సంస్థ కాదు, వాళ్లు. అందుకే ఒప్పందం కోసం ఆగడం అనే దారిని నేను మిగతావాటితో సమానంగా మీ ముందు పెట్టలేను.

అలాగని ఆగడమంతా లొంగిపోవడం కాదు. సంస్థకు జవాబు చెప్పుకోవడానికి న్యాయమైన గడువు ఇవ్వాలి. అగ్నిమాపక వ్యవస్థలు తెలిసిన ఇంజినీరు ఒకరు వచ్చి, లోపం పంపులో ఉందా, ట్యాంకులో ఉందా, ఎవరైనా మరమ్మతు కోసం వాల్వు కట్టేశారా అన్నది చూడాలి. మరమ్మతు కోసం ఒక్క రోజు కట్టేసిన గొట్టానికీ ఏడాదిగా ఎండిపోయిన గొట్టానికీ చాలా తేడా ఉంది. మీ వాక్యాలను న్యాయవాది ఒకసారి చదవాలి. ఇవన్నీ కథనాన్ని గట్టిపరిచే ఆలస్యాలు. అన్నయ్య అడుగుతున్న రెండు నెలల్లో కథనానికి కొత్తగా ఏం చేరుతుందో ఆయన్నే అడగండి. ఏమీ చేరకపోతే, ఆ గడువును నిర్ణయిస్తున్నది మీ ప్రకటనదారే. ఇంకో సంగతి కూడా ఆయనకు గుర్తు చేయండి. ఇవాళ ఒప్పందం ఇంకా కాలేదు. సంతకాలయ్యాక వేయడం ఇప్పటికన్నా కష్టమవుతుంది తప్ప సులువు కాదు. అప్పుడు వేస్తే డబ్బు తీసుకుని దెబ్బ కొట్టారంటారు. ఆ మాటకు మీ దగ్గర సమాధానం ఉండదు.

ఆ ఫోను గురించి కాస్త చెప్పాలి. పత్రికలో వార్తలు ఎంచి దిద్దే డెస్కులో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. 'ఇది వేయవద్దు' అని నోరు తెరిచి చెప్పినవాళ్లు ఇద్దరే. మిగతా అన్నిసార్లూ మీరు విన్నవాటిలాంటి మెత్తటి మాటలే. ఒకసారి ఒక విలేకరి తెచ్చిన కథనాన్ని 'ఒక వారం ఆగు' అని పక్కన పెట్టాను. ఎవరూ నాకు ఆదేశం ఇవ్వలేదు. ఆ వ్యాపారి మా యాజమాన్యానికి దగ్గరవాడని తెలుసు, అంతే. వారం గడిచింది, నెల గడిచింది, నేను మరిచిపోయాను. ఏడాది తర్వాత అతన్ని 'ఈ మధ్య అటువైపు వార్తలేవీ తేవడం లేదేం?' అని అడిగాను. 'మీరు వేయరు కదా సార్' అన్నాడు, కోపం లేకుండా, ఎండగా ఉంది కదా అన్నంత మామూలుగా. నేను ఆపింది ఒక్క కథనం. అతను తేవడం మానేసినవి ఎన్నో నాకు ఎప్పటికీ తెలియదు. మీ ఆఫీసులోనూ చిన్నవాళ్లు ఉన్నారు. ఈ కథనం ఏమవుతుందో వాళ్లు చూస్తున్నారు. ఏది తేవచ్చో ఏది తేకూడదో మీరు చెప్పకుండానే నేర్చుకుంటారు.

ఇది చిన్న సంస్థలకే వచ్చే కష్టమనుకోకండి. 2015లో బ్రిటన్‌లో పీటర్ ఒబోర్న్ అనే సీనియర్ వ్యాఖ్యాత డైలీ టెలిగ్రాఫ్‌కు రాజీనామా చేశారు. పెద్ద ప్రకటనదారైన హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకుకు ఇబ్బంది కలిగించే వార్తలను పత్రిక తగ్గించి వేస్తోందని బహిరంగంగా రాశారు. పత్రిక ఆ ఆరోపణను ఖండించింది. అందులో ఎవరిది ఎంత నిజమన్నది పక్కన పెట్టినా, ఆ స్థాయి పత్రికలో కూడా ఈ అనుమానం పుట్టిందంటే, సగం రాబడి ఒకే చేతిలో ఉన్న మీకు గొంతు పట్టేసినట్టు ఉండటంలో వింత లేదు.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, పది రోజుల్లో ఆ పరీక్షలన్నీ ముగించి వేయడం. కథనం మొదట్లోనే, చివర్లో చిన్న అక్షరాల్లో కాకుండా, 'ఈ కథనంలో ప్రస్తావించిన సంస్థ మాకు ప్రధాన ప్రకటనదారు' అని ఒక వాక్యం పెట్టండి. ఈ వాక్యం చాలామందికి ఇష్టం ఉండదు, మన బలహీనతను మనమే చాటుకోవడమేమిటని. కానీ పాఠకుడికి కోపం వచ్చేది మనకు ప్రకటనలున్నందుకు కాదు, దాచినందుకు. 1999లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ తన ఆదివారం పత్రికలో ఒక సంచికను స్టేపుల్స్ సెంటర్ అనే కొత్త క్రీడా ప్రాంగణానికి కేటాయించింది. ఆ సంచిక మీద వచ్చే ప్రకటనల లాభాన్ని ఆ ప్రాంగణంతో పంచుకునే ఒప్పందం ఉందని రాసినవాళ్లకే తెలియదు. తెలిశాక 300 మందికి పైగా పాత్రికేయులు యాజమాన్యాన్ని నిలదీస్తూ సంతకాలు చేశారు. చివరికి ఆ పత్రికే ఆ డిసెంబరులో తన తప్పు మీద తానే పేజీలకు పేజీలు పరిశోధన కథనం వేసుకుంది. సంచికలోని వ్యాసాలు తప్పని వాళ్లెవరూ గొడవ చేయలేదు. గొడవంతా తెర వెనుక ఉన్న లెక్క గురించే.

ఈ దారిలో నష్టం గురించి మిమ్మల్ని మభ్యపెట్టను. ఒప్పందం పోతుందనే అనుకోండి. లాయరు నోటీసు రావచ్చు. మీ ఉత్తరంలో ఒక అంకె లేదు: ఆ ప్రకటనలు ఇవాళ ఆగితే ఎన్ని నెలలు నడపగలరు? మీరు రాయడం మరిచిపోయారో, ముగ్గురూ ఇంతవరకు లెక్కే వేయలేదో తెలియదు. లెక్క వేయని భయం ఎప్పుడూ అసలు కన్నా పెద్దగానే ఉంటుంది. ఒక్కోసారి లెక్క వేశాక భయం నిజమేనని తేలుతుంది, అప్పుడూ మంచిదే. ఆరు నెలలు నడపగలమని తేలితే మీ మాట ఒకలా ఉంటుంది. మూడు వారాలే అని తేలితే ఆ ఏడుగురినీ కూర్చోబెట్టి సంగతి చెప్పవలసి ఉంటుంది. వాళ్ల జీతాలు సాకుగా చూపి కథనం ఆపుతున్నప్పుడు, ఆ మాట వాళ్లను అడిగారా?

రెండో దారి, కథనాన్ని మరొకరితో పంచుకుని ఒకే రోజు వేయడం. ఒక్కరి మీద పడే ఒత్తిడి ఇద్దరి మీద పడితే సగమవుతుంది. కథనాన్ని ఆపేస్తే లాభం ఉంటుందన్న ఆశ కూడా అవతలివాళ్లకు పోతుంది. మాల్టాలో డాఫ్నే కరువానా గలిజియా అనే పాత్రికేయురాలు ఒంటరిగా తన బ్లాగులో రాసేవారు. 2017 అక్టోబరులో కారు బాంబుతో ఆమెను చంపేసిన నాటికి ఆమె మీద 40కి పైగా పరువునష్టం దావాలు ఉన్నాయి. మరుసటి ఏడాది 18 వార్తా సంస్థలకు చెందిన 45 మంది పాత్రికేయులు కలిసి ఆమె వదిలి వెళ్లిన పరిశోధనను కొనసాగించారు. మీ పరిస్థితి అంత ప్రమాదకరమైనదని చెప్పడం లేదు. ఒంటరిగా ఉన్నవాళ్లను నోటీసులతో అలసిపోయేలా చేయడం సులువు, గుంపును అలా చేయడం కష్టం, అదీ నా మాట. ఇందులో మీరు వదులుకోవలసింది 'మా ప్రత్యేక కథనం' అన్న పేరు. ఎంచుకునే ముందు ఒకటి చూసుకోండి: ఆ రెండో సంస్థకూ ఇదే ప్రకటనదారు ఉండవచ్చు.

నివాసుల సంఘానికీ అగ్నిమాపక శాఖకూ ముందుగా రాతపూర్వకంగా చెప్పడం మరో పని. పాత్రికేయులు వార్త రాయాలి గాని ఫిర్యాదుదారులు కాకూడదని మా తరంవాళ్లు చాలామంది అంటారు. మామూలు సందర్భాల్లో నేనూ అదే అంటాను. ప్రాణాల మీదికి వచ్చే విషయంలో ఆ నియమం వెనక దాక్కోవడం నాకు నచ్చదు. అయితే శాఖకు చెప్పాం కాబట్టి ఇక కథనం అక్కరలేదు అని మాత్రం అనుకోకండి. సవ్యంగా ఉందని ఆ ధ్రువపత్రం ఎలా వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

కథనాన్ని పూర్తిగా వదిలేయడం కూడా ఒక దారే. మీకు అది తగదని నా అభిప్రాయం, కానీ మీ ఇంటి పరిస్థితి నాకు తెలియదు. వదిలేస్తే, ఆ కాగితాలూ వీడియోలూ నివాసులకైనా మరో విలేకరికైనా ఇచ్చేయండి. మీరు మోయలేని బరువును మోయగలవారికి ఇవ్వడంలో అవమానం లేదు. మీ దగ్గర బిగించి ఉంచుకోవడమే అన్యాయం.

డబ్బు దగ్గరికి వద్దాం. మీ అసలు ముడి ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఈ కథనం ఎలా తేలినా, ఇదే ఫోను మళ్లీ వస్తుంది. పాత రోజుల్లో పత్రికను వేలకొద్దీ చిన్న ప్రకటనలు నిలబెట్టేవి: ఇల్లు అద్దెకు, వధువు కావలెను, గుమస్తా కావలెను. అందులో ఏ ఒక్కరూ అలిగి వెళ్లినా సంపాదకుడికి తెలిసేది కూడా కాదు. ఇంటర్నెట్ ఆ చిన్న ప్రకటనలను పత్రికల నుంచి పట్టుకుపోయింది. మిగిలిన సొమ్ములో పెద్ద వాటా వెతుకుడు యంత్రాలకూ సామాజిక మాధ్యమాలకూ వెళ్తోంది. మీలాంటి చిన్న సైటుకు ఒక పెద్ద చేయి దొరికితే వదలలేని స్థితి అలా వచ్చింది. మీరు అత్యాశకు పోయి ఇందులో పడలేదు. కానీ బయటికి రావలసింది మీరే. ఏ ఒక్కరి నుంచీ రాబడిలో అయిదో వంతుకు మించి తీసుకోకూడదని ఒక గీత గీసుకోండి. చేరడానికి రెండేళ్లు పట్టినా సరే, గీత ఉండాలి.

పాఠకుల చందాల మీద నడపగలమా అని మీరు ఒక వాక్యంలో అడిగి వదిలేశారు. నడిపినవాళ్లు ఉన్నారు. ఫ్రాన్స్‌లో 2008లో మొదలైన మీడియాపార్ట్ ప్రకటనలే తీసుకోకుండా చందాలతో నిలబడింది. ఆ దేశ బడ్జెట్ మంత్రి జెరోమ్ కాహుజాక్‌కు విదేశంలో రహస్య ఖాతా ఉందని 2012 డిసెంబరులో రాసింది. ఆయన పార్లమెంటులోనే కాదన్నారు. 2013 మార్చిలో పదవి వదిలారు, ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. ఆ నెలల్లో ఆ సైటును ఏ ప్రకటనదారూ పిలిచి కూర్చోబెట్టలేకపోయాడు, ఎందుకంటే అలాంటివాడే లేడు. కానీ చందాదారులకూ ఇష్టాయిష్టాలు ఉంటాయి. తమ పక్షం మీద వార్త రాస్తే చందా ఆపేస్తామని వాళ్లూ ఉత్తరాలు రాస్తారు. అది కూడా ఒత్తిడే, పైగా అది ప్రేమగా వస్తుంది కాబట్టి గుర్తించడం కష్టం. పాఠకులకు నచ్చేదే రాస్తూ పోయిన సైటు, మీ ప్రకటనదారుకు నచ్చేది రాస్తున్న సైటుకన్నా ఎక్కువ స్వేచ్ఛగా ఏమీ లేదు.

మీ గోడ మీద ఏ వార్తను ఎందరు చదువుతున్నారో క్షణక్షణం చూపే తెర పెట్టామని రాశారు. దాన్ని రోజంతా వెలిగించి ఉంచకండి. ఆ అంకెలు మీ అదుపులో ఉన్నవి కావు, అన్నిసార్లూ సరైనవీ కావు. 2016లో ఫేస్‌బుక్ తన వీడియోల సగటు వీక్షణ సమయాన్ని ఎక్కువ చేసి చూపినట్టు ఒప్పుకుంది. మూడు సెకన్ల లోపు చూసి వెళ్లిపోయినవాళ్లను లెక్కలోకి తీసుకోకపోవడంతో సగటు పెరిగిపోయింది. ఆ రోజుల్లోనే ఎన్నో వార్తా సంస్థలు రాసేవాళ్లను తగ్గించుకుని వీడియోల వైపు పరుగెత్తాయి. 2023లో కెనడాలో ప్రభుత్వంతో వివాదం వచ్చి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడ వార్తల లింకులనే తీసేశాయి. వాటి మీదే ఆధారపడ్డ చిన్న సైట్లకు పాఠకులు వచ్చే దారి మూసుకుపోయింది. పాఠకుల మెయిల్ చిరునామాలు మీ దగ్గర ఉంటే, మధ్యలో ఎవరు తలుపు వేసినా మీరు వాళ్లకు ఉత్తరం రాయగలరు. ముందు ఆ జాబితా కట్టుకోండి.

నిరుటి శీర్షిక సంగతి. ఆ వార్తను ముందు మళ్లీ చదవండి. నిర్లక్ష్యం అని రుజువు చేసే ఆధారం అప్పుడు మీ దగ్గర ఉందా? లేకపోతే 'ఆరోపణలు' అన్నదే సరైన మాట. ఫోను చేసినవాడు చెప్పాడు కాబట్టి సరైన మాట తప్పు అయిపోదు. ప్రకటనదారు చెప్పినదానికి ఎదురు చేయడమే స్వతంత్రత అయితే, అప్పుడూ మన చేత రాయిస్తున్నది అతనే. ఆధారం ఉండి కూడా మార్చి ఉంటే, పాత మాటను తిరిగి పెట్టి, కింద తేదీతో సహా 'ఈ శీర్షికను నిరుడు వివరణ ఇవ్వకుండా మార్చాం, ఇప్పుడు సరిచేశాం' అని రాయండి. మాట సరైనదే అయినా, చెప్పకుండా మార్చామన్న ముక్క రాయవలసిందే. అచ్చు పత్రికలో ఈ బాధ లేదు. వేసిన శీర్షిక గ్రంథాలయంలో కట్ట కట్టి ఉండేది, యజమాని తలకిందులైనా దాన్ని మార్చలేడు. సైటులో అర్ధరాత్రి ఒక మీట నొక్కితే చాలు. అందుకే అక్కడ సవరణల చిట్టా తెరిచి ఉంచడం అచ్చు రోజులకన్నా ఎక్కువ అవసరం. బ్రిటన్‌లో గార్డియన్ 1997లోనే పాఠకుల ఫిర్యాదులు విని సవరణలు వేయడానికి ఒక సంపాదకుణ్ని విడిగా నియమించింది. మీకు అంత హంగు అక్కరలేదు, ఒక పేజీ చాలు. 'ఎవరూ గమనించలేదు' అని రాశారు. మీరు గమనించారు. మీ మీద మీకు నమ్మకం పోయిందంటున్నారు గాని, నిజంగా ఆ నమ్మకం పోగొట్టుకున్నవాళ్లు నాకు ఉత్తరం రాయరు.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఆయన్ని ముద్దాయిని చేయకండి. మూడేళ్లుగా ఏడుగురికి జీతం అందిందంటే ఆయన ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగారో మీకన్నా ఎవరికి తెలుసు? ఆయన్ని ఆ స్థితిలోకి నెట్టిన అమరికను మార్చండి. ప్రకటనలు చూసేవారి దగ్గరికి వార్త గురించి ఫోను వస్తే, 'అది నా చేతిలో లేదు, వాళ్లకు రాతపూర్వకంగా పంపండి' అనే ఒక్క మాట చెప్పే హక్కు ఆయనకు ఉండాలి. ఆ మాట నిజం కావాలంటే ముగ్గురూ సంతకం చేసిన కాగితం ఒకటి ఉండాలి. ఆయనకు అది సంకెల అనిపించదు, చూడండి, గొడుగు అనిపిస్తుంది. ఆ కుర్రవాడితో మాత్రం కాస్త గట్టిగానే చెప్పండి: ఈ వారమే వేయాలన్న తొందరలో ఇంజినీరు పరీక్షను దాటేస్తే, రేపు ఒక్క పొరపాటు దొరికినా ఆ సంస్థ మొత్తం కథనాన్ని కొట్టిపారేస్తుంది. వెళ్లిపోతానన్న బెదిరింపు కూడా ఒత్తిడే, అది మనకు నచ్చిన వైపు నుంచి వచ్చినా.

మీ స్థానంలో నేనుంటే మొదటి దారే పట్టేవాణ్ని, కుదిరితే రెండోదాన్ని తోడు తెచ్చుకుని. కానీ వచ్చే నెల జీతాల రోజున ఆ గదిలో ఉండేది మీరు, నేను కాదు. అందుకే ఆ నెలల లెక్క ముందు వేసుకోమంటున్నాను. లెక్క మీద ముగ్గురూ కూర్చున్నప్పుడు ఆ ధ్రువపత్రం నకలు కూడా బల్ల మీద పెట్టుకోండి.

అంతకన్నా ముందు, ఈ ఉత్తరం చదవగానే ఒక పని చేయండి. మీరు ఆ భవనానికి వెళ్లి ఆరు వారాలైంది. ఈలోగా మీ ప్రశ్నలు సంస్థకు చేరాయి. వాళ్లు కంగారుపడి పంపు బాగు చేయించి ఉండవచ్చు, ఏమీ చేయకుండానూ ఉండవచ్చు. బాగు చేసి ఉంటే కథనం మారుతుంది గాని పోదు. నివాసుల్లో ఎవరికైనా ఫోను చేసి, తొమ్మిదో అంతస్తుకు వెళ్లి ఆ వాల్వు మరొకసారి తిప్పి చూడమనండి.